సెప్టిక్ షాక్‌లో విటమిన్ ఇంజెక్షన్లు: ఐసీయూ బయట ఉన్నవాళ్ళు ఏం అడగాలి, ఏం చెప్పాలి

మనిషిని ఐసీయూలో చేర్చిన రెండో రోజుకల్లా, బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ ఫోన్లకి ఆ వాట్సాప్ మెసేజ్ వచ్చేస్తుంది. విటమిన్ సి హై డోస్‌లో ఎక్కిస్తే సెప్సిస్ తగ్గిపోతుందంట, డాక్టర్‌ని అడిగి పెట్టించండి అని. పంపినవాళ్ళు ప్రేమతోనే పంపుతారు. కానీ అది చదివిన దగ్గర్నుంచి, ఉన్న మందు మనవాళ్ళకి పెట్టట్లేదేమో అనే బెంగ పట్టుకుంటుంది, అసలే లేని నిద్ర ఇంకా పోతుంది.

అందుకని ముందే తేల్చి చెప్పేస్తాను. సెప్టిక్ షాక్‌లో హై డోస్ విటమిన్ సి ప్రాణం నిలబెడుతుందని పెద్ద ట్రయల్స్‌లో తేలలేదు, అన్నిటికన్నా పెద్ద ట్రయల్‌లో అయితే నష్టమే కనిపించింది. దానికోసం డాక్టర్‌తో గొడవ పడొద్దు, బయట మెడికల్ షాపులో ఇంజెక్షన్లు కొని తేవొద్దు. అలాగని విటమిన్ల సంగతి మీరు అస్సలు ఎత్తకూడదని కాదు. బి1 అని ఇంకో విటమిన్ ఉంది, దాన్ని థయమిన్ అంటారు. అది ఎవరికి అత్యవసరమో తెలియాలంటే పేషెంట్ గత నెల రోజులు ఏం తిన్నాడు, ఏం తాగాడు అనేది తెలియాలి, ఆ సంగతి చెప్పగలిగేది ఇంట్లోవాళ్ళే. ఈ గైడ్‌లో నేను ఎక్కువసేపు ఆగేది అక్కడే.

ముందు సెప్టిక్ షాక్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. ఒంట్లో ఎక్కడో ఇన్ఫెక్షన్ మొదలవుతుంది, ఊపిరితిత్తుల్లో కావచ్చు, యూరిన్‌లో కావచ్చు, షుగర్ ఉన్నవాళ్ళ కాలి పుండులో కావచ్చు. దానికి శరీరం అదుపు తప్పి స్పందించి సొంత అవయవాలనే దెబ్బతీసుకోవడం సెప్సిస్. ఆ పైన బీపీ పడిపోయి, సెలైన్ ఎక్కించినా నిలబడక, నార్‌అడ్రినలిన్ లాంటి మందు నడుస్తుంటే తప్ప సగటు బీపీ 65 దగ్గర ఆగకపోవడం, దాంతోపాటు రక్తంలో లాక్టేట్ (కణాలకి శక్తి సరిగ్గా తయారవనప్పుడు పేరుకునే పదార్థం) 2 దాటడం, ఈ రెండూ కలిస్తే సెప్టిక్ షాక్. 2016లో ఈ నిర్వచనం ఖరారు చేసినప్పుడు చూసిన లెక్కల్లో ఈ స్థితికి వచ్చినవాళ్ళలో నూటికి 40 మందికి పైగా ఆసుపత్రిలోనే చనిపోయారు. అంత ప్రమాదం కాబట్టే ఆశ చూపించే ప్రతి మందూ ఇంత వేగంగా పాకుతుంది.

ఇప్పుడు అసలు పని. అది ఆసుపత్రికి రాకముందే, ఇంట్లోనే మొదలవుతుంది. మన ఊళ్ళలో జ్వరం, నీరసం అనగానే దగ్గర్లో ఉన్న ఆర్‌ఎంపీ సెలైన్ బాటిల్‌లో ఒక ఆంప్యూల్ కలిపి ఎక్కిస్తారు, సెలైన్ మొత్తం పసుపు రంగులోకి తిరుగుతుంది. ఆ రంగు అందులో ఉన్న బి2 విటమిన్‌ది, ఆ తర్వాత వచ్చే యూరిన్ కూడా అదే రంగులో ఉంటుంది. బాటిల్ ఎక్కాక కాసేపు కాస్త తేరుకున్నట్టే అనిపిస్తుంది, అది లోపలికి వెళ్ళిన నీళ్ళ వల్ల. ఇన్ఫెక్షన్ మాత్రం దాని పని అది చేసుకుంటూ పోతుంది. జ్వరం ఉన్న మనిషి మాట తడబడుతున్నా, మత్తుగా పడుకుంటున్నా, పై బీపీ 100 లేదా అంతకంటే తక్కువ ఉన్నా, నిమిషానికి 22 సార్లు లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నా ఇంకో పసుపు సెలైన్ వద్దు, వెంటనే బండెక్కించండి. ఊపిరి లెక్కపెట్టడం కష్టమేం కాదు. ఫోన్‌లో నిమిషం టైమర్ పెట్టుకుని, ఆయన పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తుందో చూడండి, లెక్కపెడుతున్నానని ఆయనకి చెప్పకండి, చెప్తే ఊపిరి తీరు మారిపోతుంది. యూరిన్ ఆరేడు గంటలుగా రాకపోయినా అంతే, ఆలస్యం చేయొద్దు.

ఎందుకింత తొందర అంటే, 2006లో వచ్చిన కెనడా, అమెరికా ఆసుపత్రుల లెక్కల్లో, సెప్టిక్ షాక్‌లో బీపీ పడిపోయాక మొదటి 6 గంటల్లో సరైన యాంటీబయాటిక్ ఒక్కో గంట ఆలస్యమయ్యేకొద్దీ బతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గింది. ఏ విటమిన్‌కీ ఇంత బరువైన లెక్క లేదు.

ఆసుపత్రిలో చేరాక మొదటి రోజు డాక్టర్ దొరికే సమయం చాలా తక్కువ, బహుశా ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు విటమిన్ సి మీద ఖర్చు పెట్టకండి. ఇన్ఫెక్షన్ ఎక్కడ మొదలైందో తెలిసిందా, యాంటీబయాటిక్ మొదలుపెట్టారా, బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్ష, పంపారా అని అడగండి. ఆ తర్వాత, లోపల తీసేయాల్సింది ఏమైనా ఉందా అని కచ్చితంగా అడగండి. చీము గడ్డ, కిడ్నీ దగ్గర అడ్డుపడి యూరిన్ కట్టేసిన రాయి, పేగుకి పడిన రంధ్రం, కుళ్ళిన పాదం, వీటిలో ఏదున్నా దాన్ని తీయకుండా లేదా దారి చేయకుండా మందులు ఎన్ని పోసినా షాక్ పూర్తిగా విడవదు. స్టెంట్ వేయాలి, ఆపరేషన్ చేయాలి అని డాక్టర్ అన్నప్పుడు పెద్దబావగారు ఊరి నుంచి వచ్చాక మాట్లాడుకుందాం అని సంతకం వాయిదా వేసే ఇళ్ళు చాలా ఉన్నాయి, దయచేసి అలా చేయకండి, పెద్దవాళ్ళని ఫోన్‌లో కలిపేయండి. రెండో రోజు నుంచి అడగాల్సింది నార్‌అడ్రినలిన్ డోసు పెరుగుతోందా తగ్గుతోందా, లాక్టేట్ నిన్న ఎంత ఇవాళ ఎంత, యూరిన్ ఎంత వస్తోంది. ఈ మూడు జవాబులు వింటే మనిషి ఎటు వెళ్తున్నాడో మీకే అర్థమవుతుంది.

ఇక విటమిన్ సి కథ. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం నార్ఫోక్‌లో పాల్ మారిక్ అనే ఐసీయూ డాక్టర్, ఆయన టీమ్ 2016 చివర్లో ఒక పేపర్ బయటపెట్టారు. విటమిన్ సి 1.5 గ్రాములు 6 గంటలకోసారి, థయమిన్ 200 మిల్లీగ్రాములు 12 గంటలకోసారి, హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ 50 మిల్లీగ్రాములు 6 గంటలకోసారి, ఇవి మూడూ కలిపి 47 మందికి ఇచ్చారు. అంతకుముందు నెలల్లో ఇవి లేకుండా వైద్యం పొందిన 47 మందితో పోల్చి చూశారు. మందు తీసుకున్నవాళ్ళలో 8.5 శాతం, తీసుకోనివాళ్ళలో 40.4 శాతం చనిపోయారని లెక్క వచ్చింది. ఈ అంకె వింటే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది, ప్రపంచమంతా ఐసీయూల్లో ఇదే మాట అయిపోయింది. మీకు వచ్చిన మెసేజ్ మూలం చాలావరకు ఇదే.

కానీ ఆ పోలికలో ఒక చిక్కు ఉంది. ఎవరికి మందు, ఎవరికి వట్టి సెలైన్ అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించలేదు, ఒకే ఆసుపత్రిలో ముందు కాలం పేషెంట్లని తర్వాత కాలం పేషెంట్లతో పోల్చారు. ఆ మధ్యలో ఆసుపత్రిలో ఇంకేం మారినా ఆ ఘనత మందు ఖాతాలో పడిపోతుంది. అందుకే చీటీ పద్ధతిలో పెద్ద ట్రయల్స్ చేశారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రెజిల్‌లో 216 మంది మీద చేసిన విటమిన్స్ ట్రయల్ 2020 జనవరిలో వచ్చింది, మూడు మందులూ కలిపి ఇచ్చినా స్టెరాయిడ్ ఒక్కటే ఇచ్చినా తేడా లేదు. అదే ఏడు అమెరికాలో యాక్ట్స్ ట్రయల్, 2021లో 501 మందితో విక్టాస్ ట్రయల్, వాటిలోనూ మేలు కనబడలేదు. నిజాయితీగా ఇంకోటి కూడా చెప్పాలి, 2019లో 167 మందితో చేసిన సిట్రిస్ అనే ట్రయల్‌లో విటమిన్ సి తీసుకున్నవాళ్ళలో మరణాలు తక్కువ కనిపించాయి, 46.3 శాతం బదులు 29.8 శాతం. విటమిన్ సి వైపు మాట్లాడేవాళ్ళు దీన్నే చూపిస్తారు. అయితే ఆ ట్రయల్ ముందుగా కొలవాలనుకున్నది అవయవాల పనితీరు, అందులో తేడా రాలేదు, పైగా మనుషులు కొద్దిమందే.

ఆ ఆశ నిజమో కాదో తేల్చడానికే లోవిట్ అనే ట్రయల్ జరిగింది, కెనడా, ఫ్రాన్స్, న్యూజిలాండ్ ఐసీయూల్లో 872 మందితో. కిలోకి 50 మిల్లీగ్రాముల విటమిన్ సి, 6 గంటలకోసారి, 4 రోజుల దాకా. 60 కిలోల మనిషికి లెక్కేస్తే రోజుకి 12 గ్రాములు, అంటే మనం చప్పరించే 500 మిల్లీగ్రాముల లిమ్సీ బిళ్ళలు 24 అన్నమాట. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మగవాళ్ళకి రోజుకి 80 మిల్లీగ్రాములు చాలంటుంది. 2022లో ఫలితం వచ్చింది. 28వ రోజుకి చనిపోయినవాళ్ళు, లేదా అవయవాలు ఇంకా మెషిన్ల మీదో బీపీ మందుల మీదో ఉన్నవాళ్ళు, విటమిన్ సి వైపు 44.5 శాతం, ఉత్త సెలైన్ వైపు 38.5 శాతం. మేలు లేదు సరికదా, నష్టం వైపు మొగ్గింది. సెప్సిస్ వైద్యానికి ప్రపంచమంతా చూసే సర్వైవింగ్ సెప్సిస్ గైడ్‌లైన్స్ అంతకుముందే, 2021లోనే, ఇంజెక్షన్ విటమిన్ సి వాడొద్దనే సూచించాయి. మారిక్ కలిపిన మూడింటిలో సెప్టిక్ షాక్ వైద్యంలో నిలబడింది హైడ్రోకార్టిసోన్, అది కూడా బీపీ మందు ఆగకుండా కావాల్సివస్తున్నవాళ్ళకి, రోజుకి 200 మిల్లీగ్రాముల చొప్పున.

సెప్సిస్ పేషెంట్ల రక్తంలో విటమిన్ సి తగ్గిపోతుంది కదా, మరి ఇస్తే తప్పేంటి అని అడుగుతారు. తగ్గేది నిజమే. కానీ ఒక పదార్థం తగ్గిందంటే దాన్ని వందల రెట్లు పోస్తే జబ్బు తిరుగుతుందని అర్థం కాదు. అంత డోసులో అది శరీరంలో ఆక్సలేట్‌గా మారుతుంది, సెప్టిక్ షాక్‌లో అసలే దెబ్బతిన్న కిడ్నీల్లో ఆ స్ఫటికాలు పేరుకునే ప్రమాదం ఉంది.

మీ ఆసుపత్రిలో డాక్టర్లే విటమిన్ సి ఇంజెక్షన్ ఇస్తున్నారనుకోండి, బిల్లులో కనబడింది. కంగారు పడొద్దు, ముందు ఎంత డోసో కనుక్కోండి. రోజువారీ అవసరం కోసం చిన్న డోసు, మల్టీవిటమిన్‌లో భాగంగా ఇస్తుంటే అది వేరే సంగతి, భయపడక్కర్లేదు. రోజుకి గ్రాముల లెక్కలో వెళ్తుంటే మాత్రం మర్యాదగా మూడు విషయాలు కనుక్కోవాలి. మొదటిది కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత ఉంది, కిడ్నీలో రాళ్ళ చరిత్ర ఉంటే అది వాళ్ళకి చెప్పండి. రెండోది, జీ6పీడీ లోపం అని పుట్టుకతో వచ్చే రక్తకణాల సమస్య ఇంట్లో ఎవరికైనా ఉందని మీకు తెలిస్తే వెంటనే చెప్పండి, ఆ లోపం ఉన్నవాళ్ళకి ఇంత విటమిన్ సి పడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. మూడోది షుగర్ పరీక్ష, ఇది చాలామందికి తెలియదు. వేలికి సూది గుచ్చి స్ట్రిప్ మీద రక్తం చుక్క పెట్టి చూసే గ్లూకోమీటర్లు కొన్ని, రక్తంలో విటమిన్ సి బాగా ఎక్కువైతే దాన్ని కూడా షుగర్‌గానే లెక్కేస్తాయి. మీటర్ 250 చూపిస్తుంది, నర్సు ఇన్సులిన్ పెంచుతుంది, నిజం షుగర్ అంతకంటే చాలా కింద ఉంటుంది. వెంటిలేటర్ మీద మత్తులో ఉన్న మనిషికి షుగర్ పడిపోతే చెమటలు పట్టాయనో కళ్ళు తిరుగుతున్నాయనో చెప్పలేడు. కాబట్టి ‘షుగర్ ల్యాబ్‌లో చూస్తున్నారా అండీ, మీటర్‌తోనేనా?’ అని అడగండి. ఇది అడిగే హక్కు మీకుంది, మంచి డాక్టర్ ఎవరూ కోప్పడరు.

ఇప్పుడు థయమిన్ దగ్గరికి వద్దాం. మనం తిన్న పిండిపదార్థం కణంలో శక్తిగా మారాలంటే మధ్యలో ఒక మెట్టు దగ్గర థయమిన్ కావాలి. అది లేకపోతే ఆ దారి మూసుకుపోయి, చివరికి లాక్టేట్‌గా పేరుకుంటుంది. బీపీ కుదుటపడ్డా లాక్టేట్ దిగదు, ఒక్కోసారి గుండె కూడా బలహీనపడుతుంది, చూడటానికి అచ్చం సెప్టిక్ షాక్ ముదిరినట్టే ఉంటుంది. ఒంట్లో థయమిన్ నిల్వ రెండు మూడు వారాలకి మించి రాదు. అమెరికాలో 88 మంది సెప్టిక్ షాక్ పేషెంట్ల మీద 2016లో వచ్చిన ట్రయల్‌లో, అందరికీ కలిపి చూస్తే థయమిన్ తేడా చూపలేదు, కానీ లోపం ఉన్నవాళ్ళని విడిగా చూస్తే లాక్టేట్ తగ్గింది. చిన్న ట్రయలే, అయినా అర్థం స్పష్టంగా ఉంది. అందరికీ కాదు, లోపం ఉన్నవాళ్ళకి. ఆ లోపం ఎవరికి ఉండే అవకాశం ఉందో డాక్టర్ ఊహించాలంటే మీరు నోరు విప్పాలి.

మందు తాగే అలవాటు ఉంటే దాచకండి. పరువు పోతుందని, బయట అల్లుడుగారి ముందు చెప్పలేక, అప్పుడప్పుడూ తాగుతారండి అని తేల్చేస్తారు, రోజూ క్వార్టర్ తాగే మనిషి గురించి. డాక్టర్‌ని పక్కకి పిలిచి ఒంటరిగా చెప్పండి, ఎంత, ఎన్నేళ్ళుగా, ఆఖరిసారి ఎప్పుడు. అలాగే కొన్ని వారాలుగా సరిగ్గా అన్నం తినకపోయినా, కడుపుతో ఉన్న అమ్మాయికి నెలల తరబడి వాంతులైనా, డయాలసిస్ మీద ఉన్నా, బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్నా, లాసిక్స్ లాంటి నీరు పోయే మాత్రలు చాలాకాలంగా వాడుతున్నా, ఇవన్నీ థయమిన్ లోపం వైపు చూపించే గుర్తులే. చెప్పేటప్పుడు చుట్టూ తిప్పొద్దు. ‘డాక్టర్ గారూ, నాన్న పదేళ్ళుగా రోజూ మందు తాగుతారండి, పదిహేను రోజులుగా అన్నం ముట్టలేదు, రెండు గ్లూకోజ్ బాటిళ్ళు ఊళ్ళో ఎక్కించారు, థయమిన్ పెడుతున్నారా?’ ఇంతే. గ్లూకోజ్ సంగతి ఎందుకంటే, థయమిన్ లేని ఒంట్లోకి ముందు గ్లూకోజ్ ఎక్కువగా వెళ్తే ఉన్న కాస్త నిల్వ కూడా ఖర్చయిపోతుంది, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. థయమిన్ ఖరీదు తక్కువ, హాని అరుదు, అందుకే అనుమానం ఉంటే టెస్టు రిజల్టు కోసం ఆగకుండా మొదలుపెట్టేస్తారు. డోసు ఎంత, ఎన్ని రోజులు అనేది మాత్రం వాళ్ళకే వదిలేయండి.

అదే ఊపులో ఇంకో రెండు సంగతులు చెప్పేయండి, విటమిన్ కాకపోయినా. మోకాళ్ళ నొప్పులకని పొట్లాల మందులు నెలల తరబడి వాడి ఉంటే, అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ, అలాంటి మనిషికి బీపీ నిలబడకపోవడానికి అదే కారణం కావచ్చు. పొలం పనులకో అడవి వైపుకో వెళ్ళి వచ్చాక జ్వరం మొదలై ఉంటే, స్నానం చేయించేటప్పుడు చంకలోనో గజ్జల్లోనో నల్లటి చెక్కు కట్టిన మచ్చ మీరు చూసి ఉంటే అది కూడా. స్క్రబ్ టైఫస్‌కి అది గుర్తు, దాని యాంటీబయాటిక్ వేరు.

మిగతా విటమిన్లు త్వరగా చూసేద్దాం. విటమిన్ డి తక్కువుందని రిపోర్టులో వస్తే ఐసీయూలోనే పెద్ద డోసు వేయించాలని ఆరాటపడక్కర్లేదు. అమెరికాలో వయొలెట్ అనే ట్రయల్‌లో వెయ్యి మందికి పైగా సీరియస్ పేషెంట్లని తీసుకుని, వాళ్ళలో సుమారు సగం మందికి ఒకేసారి 5,40,000 యూనిట్లు ఇచ్చారు, మనం వారానికోసారి పాలలో కలుపుకునే 60,000 పొడి ప్యాకెట్లు తొమ్మిది, 90 రోజుల మరణాల్లో మేలు రాలేదు. బి12 రకంలో హైడ్రాక్సోకోబాలమిన్ మీద చిన్న పరిశోధనలు జరుగుతున్నాయి, కానీ అది గ్రాముల డోసు, మన దగ్గర నరాల బలహీనతకి వేసే బి12 ఇంజెక్షన్‌తో దానికి సంబంధం లేదు. విటమిన్ కె మాత్రం నిజంగా అవసరం పడొచ్చు. రోజుల తరబడి తిండి లేక, పైగా సెఫోపెరజోన్ లాంటి యాంటీబయాటిక్ నడుస్తుంటే రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది. చిగుళ్ళ నుంచో సూది గుచ్చిన చోటో రక్తం ఆగట్లేదని మీకు కనబడితే నర్సుకి చెప్పండి. గుండె వాల్వు ఆపరేషన్ అయి, రక్తం గడ్డకట్టకుండా ఆపే ఎసిట్రోమ్ మాత్ర వాడేవాళ్ళయితే ఆ సంగతి చేర్చేటప్పుడే చెప్పాలి, విటమిన్ కె దాని పనికి సరిగ్గా ఎదురు పనిచేస్తుంది.

చూడటానికి లోపలికి పంపినప్పుడు బత్తాయి రసం, కొబ్బరి నీళ్ళు, చప్పరించే బిళ్ళలు చేతిలో పట్టుకుని వెళ్ళకండి. మత్తులో ఉన్న మనిషి నోట్లో రెండు చెంచాలు పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, కిడ్నీలు పనిచేయనప్పుడు కొబ్బరి నీళ్ళలో ఉండే పొటాషియం గుండెనే ఆపగలదు. పెట్టాలన్న ఆరాటం నాకు అర్థమవుతుంది, ముక్కు గొట్టం ద్వారా ఆహారం మొదలైందా, ఎంత ఇస్తున్నారు అని అడగండి, రోజువారీ విటమిన్లు అందులోనే వెళ్తాయి.

డిశ్చార్జి రోజు మందుల చీటీలో విటమిన్ బిళ్ళలు మూడు నాలుగు రకాలు ఉండొచ్చు. ఏది ఎన్ని రోజులు, ఏది ఎప్పుడు ఆపాలి అని చీటీ మీదే రాయించుకోండి, లేకపోతే యాంటీబయాటిక్ మధ్యలో ఆపేసి విటమిన్లు ఏడాది వాడే పరిస్థితి వస్తుంది. తాగే అలవాటున్నవాళ్ళకి థయమిన్ మాత్ర చీటీలో లేకపోతే అడిగి రాయించుకోండి, అలవాటు మాన్పించే డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలో కూడా అప్పుడే కనుక్కోండి.